నలభై రెండో రోజు

కార్తీకం వచ్చిందంటే లేపాక్షి చుట్టుపక్కల ఊళ్లలో నల్ల పంచెలు కనిపిస్తాయి. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, మెడలో అయ్యప్ప మాల, నుదుట విభూతి, కాళ్లకు చెప్పులుండవు. మొన్నటిదాకా పొద్దు వాలితే బ్రాందీ షాపు దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకని మనిషి నలభై ఒక్క రోజులు అటు తిరిగి చూడడు. సూదిమందు లేదు, మాత్ర లేదు, కౌన్సెలింగ్ లేదు. శబరిమల వెళ్లి వస్తాడు, మాల తీయించుకుంటాడు. ఆ మర్నాటి సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఇంట్లో ఆడవాళ్లే ఎత్తుతారు, అదీ గొంతు తగ్గించి.

తాగుడు మాన్పించడం ఎలాగన్న దాని మీద మనకు వందేళ్ల చర్చ ఉంది. చట్టాలు వచ్చాయి, ఉద్యమాలు జరిగాయి, ఒట్లు, మాలలు, మందులు అన్నీ చూశాం. మానినవాడు మళ్లీ ముట్టకుండా ఎలా బతకాలన్న దాని మీద మాత్రం మాట్లాడుకున్నది కొంచెమే. ఈ రెండూ ఒకే ప్రశ్న అనుకోవడం దగ్గరే దెబ్బ తింటున్నాం. మానిపించే విద్య మన ఊళ్లకు బాగానే తెలుసు. తెలియనిదల్లా నలభై రెండో రోజు ఏం చేయాలన్నదే.

ముందు లెక్కలు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. దేశంలో పదేళ్ల నుంచి డెబ్బై అయిదేళ్ల లోపు వాళ్లలో 14.6 శాతం మంది మద్యం తాగుతున్నారని, అంటే సుమారు 16 కోట్ల మందని అందులో తేలింది. వాళ్లలో 5.7 కోట్ల మంది తాగుడు హాని చేసే స్థాయికి చేరింది, వాళ్లకు ఎవరో ఒకరి సాయం కావాలి. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగతా 37 మంది ఏం చేస్తున్నట్టు? కొందరు తాగుతూనే ఉన్నారు, కొందరు ఒట్టు వేసుకుంటున్నారు, కొందరు మాల వేస్తున్నారు. కాబట్టి ఒట్లనూ మాలలనూ మూఢనమ్మకమని పక్కన పెట్టి ఆసుపత్రుల గురించే రాస్తే, ఆ సమీక్ష 38 మందిలో ఒక్కడి కథే అవుతుంది.

లేపాక్షి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉండేది. పక్కనే హిందూపురం, అటు దాటితే కర్ణాటక. వీరభద్రుడి గుడి, వేలాడే స్తంభం, ఏకశిలా నంది చూడటానికి బెంగళూరు నుంచి కార్లు వస్తాయి. పని కోసం అదే బెంగళూరుకు ఇక్కడి మనుషులు వెళ్తారు. సరిహద్దు ఊరు కావడం తాగుడు విషయంలో చాలా పెద్ద సంగతి. ఒక రాష్ట్రం తలుపు మూస్తే పక్క రాష్ట్రం తలుపు తెరిచే ఉంటుంది.

తలుపులు మూసిన చరిత్ర మనకు కొత్తేమీ కాదు. రాజాజీ 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం మెల్లగా చిత్తూరు, కడపలకు పాకి, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ఆ నిషేధమే ప్రకాశం పంతులు ప్రభుత్వానికి ఎసరు పెట్టింది. నిషేధం మీద రామమూర్తి కమిటీ ఇచ్చిన సిఫార్సులు, గౌతు లచ్చన్న నడిపిన గీత కార్మికుల పోరాటం, చివరికి 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. తర్వాత 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో చదివిన పాఠం, వర్ధినేని రోశమ్మ లాంటివాళ్ల తెగువ కలిసి రాష్ట్రమంతా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధం 1997లో పోయింది. సారా మీద నిషేధం మాత్రం మిగిలింది.

నిషేధం పనికిరాదని తేల్చేయడం సులువు, కానీ అది నిజం కాదు. సరుకు దూరమైతే, ధర పెరిగితే మొత్తం మీద తాగడం తగ్గుతుందని ఎన్నో దేశాల అనుభవం. అప్పుడప్పుడు తాగేవాడు ఆగుతాడు, కొత్తగా మొదలుపెట్టబోయే కుర్రాడు ఆలస్యం చేస్తాడు. బానిసైనవాడి సంగతి వేరు. 2020 మేలో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం ధరలు రెండు దఫాల్లో 75 శాతం పెరిగాయి. అప్పటి నుంచి కొన్నేళ్లు సరిహద్దు మండలాల్లో కర్ణాటక టెట్రా ప్యాకెట్లు పాల ప్యాకెట్ల కంటే తేలిగ్గా దొరికాయి. ఆ ఏడాదే జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో, కరోనా కట్టడి వల్ల షాపులు మూసేసి ఉంటే, శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. ఆ చావులను కక్కుర్తి ఖాతాలో రాసేసినవాళ్లు ఉన్నారు. ఉన్నట్టుండి మందు ఆగిన ఒళ్లు మనిషిని ఎంత దూరం తరుముతుందో వాళ్లకు తెలియదు.

ఆ ఒంటి సంగతి ఇక్కడే చెప్పాలి. దీక్షల చర్చలో ఎవరూ దీన్ని ముట్టుకోరు కాబట్టి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ గట్టిగా తాగినవాడు ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు. ఒకటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పుతుంది, లేని పురుగులు కనిపిస్తాయి, లేని గొంతులు వినిపిస్తాయి, జ్వరం కాస్తుంది. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. మాల వేసిన మూడో రోజు ఇలా ఊగిపోతే ఊరు దాన్ని స్వామి పరీక్ష అనుకుంటుంది, పూనకం అనుకుంటుంది. అది మెదడు చేసే తిరుగుబాటు. ఇంతకాలం మద్యం అణిచిపెట్టిన నరాల వ్యవస్థ ఆ బరువు తీయగానే ఎగిసిపడుతుంది. దీనికి మందులున్నాయి. తగ్గించుకుంటూ ఇచ్చే మాత్రలు, బీ1 విటమిన్ సూదులు అయిదారు రోజుల్లో మనిషిని ఒడ్డున పడేస్తాయి. పొద్దున లేవగానే చేతి వణుకు ఆగడానికి ఒక నైంటీ పడాల్సిన మనిషి ముందు డాక్టరు దగ్గరికి పోయి, ఆ తర్వాతే మాల వేసే గురుస్వామి దగ్గరికి పోవాలి. ఈ ఒక్క మాట మాల వేసే ప్రతి పీఠం దగ్గరా చెప్పగలిగితే చాలా ప్రాణాలు నిలుస్తాయి.

ఒళ్లు కుదుటపడ్డాక మొదలయ్యేదే అసలు కథ. అక్కడ దీక్ష బలం చూసి నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అమెరికాలో మానేసినవాళ్ల సంఘాలు ఒక హెచ్చరిక చెబుతుంటాయి: ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ముదిరినా చేయి గ్లాసు వైపు పోతుంది. అయ్యప్ప దీక్ష నియమాలను దీని పక్కన పెట్టి చూడండి. మధ్యాహ్నం భిక్ష తప్పదు, పస్తుతో పనికి పోయే రోజు ఉండదు. ఎదురైన ప్రతివాణ్ణీ స్వామీ అనాలి, ప్రతి ఆడమనిషినీ మాతా అనాలి, ఇంట్లో భార్యతో కూడా అలాగే. అలా పిలుస్తూ తిట్టడం కష్టం, చేయెత్తడం ఇంకా కష్టం. సాయంత్రం భజన. అది సరిగ్గా మందు వేళకే పడుతుంది, మనిషి ఒంటరిగా మిగలడు. రాత్రి చాప మీద పెందలాడే పడుకోవాలి, ఎందుకంటే నాలుగింటికి లేవాలి. ఇన్ని నియమాలు పెట్టినవాళ్లు వ్యసనశాస్త్రం చదవలేదు. అయినా రోజులో ఏ పూటనూ ఖాళీగా వదల్లేదు.

దీక్షలో ఇంకో బలం ఉంది, అది ఊరి ముఖంగా కనిపించడం. నల్ల పంచె చూశాక స్వామికి గ్లాసు అందించే ధైర్యం ఎంత పెద్ద తాగుబోతు స్నేహితుడికీ ఉండదు. వద్దని చెప్పే భారం మనిషి మీద పడదు, ఆ బట్టే చెబుతుంది. మన పల్లెల్లో వద్దనడం మామూలు పని కాదు. బావమరిది పోస్తే వద్దంటే చిన్నచూపు చూశాడంటారు. మేస్త్రీ పోస్తే వద్దంటే రేపు పనికి పిలవడు. దీక్ష ఆ రెండు ఇరకాటాలనూ నలభై ఒక్క రోజులు తీసేస్తుంది.

మరి నలభై రెండో రోజు? మాల పోతుంది, పంచె పోతుంది, నాలుగింటి స్నానం పోతుంది, భజన పోతుంది, స్వామీ అన్న పిలుపు కూడా పోతుంది. తాగుడును ఆపి ఉంచిన కట్టుబాట్లన్నీ ఒకే రోజు లేచిపోతాయి, తాగుడు వైపు లాగేవన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. పైగా మకరజ్యోతి చూసి వచ్చేవాళ్లకు ఆ రోజు సంక్రాంతికి ఆనుకుని పడుతుంది. కనుమ నాడు మాంసం, మాంసం పక్కన మందు. నెలన్నరగా ఎదురుచూసిన మిత్రబృందం. తీసేశావు కదా, ఇంకేం అడ్డం, రా. ఈ మధ్య మాలలు ఇరవై ఒక్క రోజులకు, పదకొండు రోజులకు కూడా కురచ అయ్యాయి. దాని మీద పెద్దలు చేసే ఫిర్యాదులో భక్తి సంగతి ఎలా ఉన్నా, వ్యసనం లెక్కలో మాత్రం న్యాయం ఉంది.

ఆ లెక్క ఇది. తాగుడు, పొగ, హెరాయిన్ మూడింటిలోనూ మానినవాళ్లు మళ్లీ ఎప్పుడు మొదలుపెడుతున్నారో హంట్, బార్నెట్, బ్రాంచ్ అనే ముగ్గురు అమెరికా పరిశోధకులు 1971లో గీత గీసి చూపించారు. మూడు గీతలూ దాదాపు ఒకేలా వచ్చాయి: మళ్లీ జారినవాళ్లలో ఎక్కువమంది మొదటి మూడు నెలల్లోనే జారారు. నలభై రెండో రోజు ఆ వాలుకు దాదాపు నడిమధ్యన ఉంది. ఇంకో లెక్క లండన్ యూనివర్సిటీ కాలేజీది. ఒక కొత్త పని అలవాటుగా మారడానికి ఎన్నాళ్లు పడుతుందో 96 మంది మీద చూసి 2010లో అచ్చు వేశారు. సగటున 66 రోజులు, కొందరికి 18, కొందరికి 254 రోజుల దాకా. వాళ్లు చూసింది పండు తినడం, నీళ్లు తాగడం, నడవడం లాంటి చిన్న అలవాట్లే. తాగుడు మానడమనే పెద్ద బరువును దానితో తూచకూడదు. అయినా చిన్న అలవాటుకే సగటున రెండు నెలలు దాటితే, నలభై ఒక్క రోజుల మండలానికే అంతా కుదురుతుందన్న నమ్మకం మీద ఎంత భారం వేస్తున్నామో తెలుస్తుంది.

ఇదే పీఠభూమి మీద ఇంకో సంప్రదాయం ఉంది, దాని పద్ధతి వేరు. అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం ఉంతకల్లులో పాండురంగ స్వామి గుడి తాగుడు మాన్పించే గుడిగా పేరుపడింది. ఏకాదశి వచ్చిందంటే ఆంధ్ర నుంచీ కర్ణాటక నుంచీ జనం వచ్చి మాల వేసుకుంటారు, తర్వాతి ఏకాదశులకు మళ్లీ వస్తారు. దీని మూలం పండరిపురం వారకరీ సంప్రదాయం. అక్కడ తులసి మాల వేసుకుంటే జీవితాంతం మందు, మాంసం ముట్టరు, ఏకాదశి ఉపవాసం తప్పరు. ఆ మాలకు విరమణ తేదీ లేదు, ఉన్నదల్లా పదిహేను రోజులకోసారి వచ్చే గుర్తు. మహిమ సంగతి నమ్మేవాళ్లకు వదిలేద్దాం. ఒక చికిత్స కేంద్రం రోగిని పదిహేను రోజులకోసారి పిలిచి, అందరి మధ్య కూర్చోబెట్టి, ఇంకా నిలబడ్డావా అని అడిగితే దాన్ని మంచి వైద్యమనే అంటాం. ఎంతమంది నిలిచారో గుడి లెక్క రాయదు. రాస్తే బాగుండేది.

ఒట్టుకు కాలం ఎంత పెట్టాలన్న చిక్కును అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఇంకో దారిలో విప్పారు. షేర్ల వ్యాపారం చేసే బిల్ విల్సన్, సర్జన్ బాబ్ స్మిత్ 1935లో ఒహాయో రాష్ట్రం ఏక్రన్‌లో కలిశారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది, మన దేశానికి 1957లో వచ్చింది. వాళ్ల సూత్రాల్లో నాకు అన్నింటికన్నా పదునుగా అనిపించేది ఒక్కటే: జీవితాంతం తాగనని ఒట్టు వేయొద్దు, ఈ ఒక్క రోజు తాగనని అనుకో, రేపు పొద్దున మళ్లీ అనుకో. నలభై ఒక్క రోజుల ఒట్టుకు ముగింపు కనిపిస్తుంటుంది కాబట్టి మనసు రోజులు లెక్కబెడుతుంది. జీవితాంతం ఒట్టు కొండలా కనిపించి, ఎక్కకముందే కాళ్లు పీకుతాయి. ఒక్క రోజు ఒట్టుకు ఈ రెండు చిక్కులూ లేవు. దాన్ని రోజూ కొత్తగా వేసుకోవాలి గనుక నలభై రెండో రోజూ అందులో మామూలు రోజే. ఈ పద్ధతి మీద, వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ సమీక్ష 2020లో వచ్చింది, 27 అధ్యయనాలు, పది వేలకు పైగా మనుషులు. ఈ సంఘాలకు పద్ధతిగా జతచేసిన చికిత్స పొందినవాళ్లలో ఏడాది తర్వాత 42 శాతం మంది పూర్తిగా మానే ఉన్నారు, ఆలోచనలను సరిదిద్దే చికిత్సల్లాంటివి పొందినవాళ్లలో 35 శాతం. తేడా చిన్నదే. కానీ చికిత్స ముగిశాక కూడా ఆ సంఘాల్లో ఒకరి గోడు ఒకరు వినే మానినవాళ్లు ఉచితంగానే కూర్చుంటారు.

ఇబ్బంది పేరులోనే ఉంది. ఆ సంఘంలో ఎవరు ఎవరో బయటికి చెప్పకూడదు. హైదరాబాదులో, బెంగళూరులో అది కుదురుతుంది. లేపాక్షి లాంటి చోట ఎవరు ఏ గదిలోకి పోయారో టీ కొట్టు దగ్గర పది నిమిషాల్లో తెలుస్తుంది. దాచుకోలేని ఊళ్లో దాచుకోనక్కరలేని పద్ధతే నడుస్తుంది. మాల నడుస్తున్నది అందుకే అనుకుంటాను. మాలలోని బాహాటం, ఆ సంఘంలోని ఒక్క రోజు లెక్క, ఈ రెండూ ఒకేచోట కలిసిన ఏర్పాటు మన దగ్గర ఇంకా పుట్టలేదు.

ఒక్క రోజు కూడా ఎక్కువే అనిపించే వేళలుంటాయి. వాటి మీద పనిచేసినవాడు సియాటిల్ మనస్తత్వవేత్త అలాన్ మార్లట్. ఆయన బృందం 1980లో మూడు వందలకు పైగా జారుడు ఘటనలను విడదీసి చూసింది. నూటికి డెబ్బై దాకా మూడే కారణాలు: మనసు బాగోకపోవడం, ఇంట్లోనో బయటో గొడవ, పక్కవాడి బలవంతం. లాగుడు వచ్చినప్పుడు దానితో కొట్లాడవద్దు, లొంగవద్దు, చూస్తూ ఉండు, అది లేచి పడిపోతుందని ఆయన చెప్పేవాడు. దాన్ని సముద్రపు అల మీద తేలడంగా వర్ణించాడు. సముద్రం చూడని మన పీఠభూమికి వేసవి సుడిగాలి చాలు: చేను మధ్యలో లేస్తుంది, దుమ్ము కళ్లల్లో కొడుతుంది, పరిగెత్తితే వెంటబడినట్టే ఉంటుంది, తలకు తువ్వాలు చుట్టుకుని నిలబడితే దాటిపోతుంది. మందు కోసం వచ్చే లాగుడు కూడా చాలాసార్లు అరగంట దాటదు. ఆ అరగంటలో ఊపిరి ఎలా ఆడుతోంది, ఛాతీలో బిగువు ఎక్కడుంది, నోరు ఎందుకు ఎండుతోంది అని గమనించడమే అభ్యాసం.

ఈ విద్య అమెరికాలో మొలిచింది కాదు. మార్లట్ బౌద్ధ ధ్యానం నుంచే నేర్చుకున్నాడు. సియాటిల్ జైలులో గోయెంకా విపశ్యన శిబిరాలను పరిశీలించి 2006లో ఫలితాలు అచ్చు వేశాడు. విడుదలైన తర్వాత మూడు నెలలకు, శిబిరంలో కూర్చున్నవాళ్లలో తాగుడూ మత్తుమందులూ తక్కువగా ఉన్నాయి. అదే గోయెంకా పద్ధతి కేంద్రం హైదరాబాదు శివార్లలో 1970ల నుంచే నడుస్తోంది. మార్లట్ శిష్యురాలు సారా బోవెన్ 2014లో 286 మందితో చేసిన పరీక్షలో, ధ్యానంతో కలిపిన శిక్షణ పొందినవాళ్లు ఏడాది నాటికి మిగతా రెండు గుంపుల కంటే మత్తుమందులు వాడటమూ విపరీతంగా తాగడమూ తగ్గించారు. ఇక్కడే ఉత్సాహానికి కళ్లెం వేయాలి. అలాంటి పరీక్షలన్నీ కలిపి చూసిన 2021 కాక్రేన్ సమీక్ష గట్టిగా ఏమీ తేల్చలేదు, సాక్ష్యం చాలదంది. చేతులు వణికే దశలో ఉన్నవాణ్ణి పది రోజుల మౌనంలో కూర్చోబెట్టడం ప్రమాదం కూడా. ధ్యానం చికిత్సకు బదులు అవుతుందని ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

అప్పుల్లో ఉన్న రైతుకు ఈ క్షణంలో ఉండు అని చెప్పడం వెటకారం కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఏడాదికి అయిదు వందల యాభై మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేల ఇది. వేరుశనగ వేస్తే జూన్, జూలైలో విత్తు, కార్తీకం నాటికి కోత, ఆ తర్వాత నెలల తరబడి చేతిలో పని ఉండదు. బోరు ఎండితే అప్పు, అప్పు ఆలోచన వస్తే గ్లాసు. ఆ అప్పును ఊపిరి గమనించడం తీర్చదు. కానీ అప్పు పదేళ్లది, లాగుడు ఈ సాయంత్రానిది. రెండింటినీ ఒకే మూట కట్టి నెత్తిన పెట్టుకున్నప్పుడే మనిషి షాపు వైపు నడుస్తాడు. మూట విప్పి ఈ సాయంత్రాన్ని విడిగా పట్టుకోవడం నేర్పగలిగితే అప్పు రేపు కూడా అప్పులాగే ఉంటుంది, మీద క్వార్టర్ ఖర్చు మాత్రం చేరదు.

పని తీరుకూ తాగుడుకూ ఉన్న ముడి మీద ఇక్కడి మనుషులు తరచూ అనే మాట ఒకటుంది: పట్టుపురుగులు మేపే ఇంట్లో తాగడానికి తీరిక ఉండదని. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ చుట్టూ మల్బరీ పెంచే ఊళ్లు చాలా ఉన్నాయి. పురుగు గుడ్డు పగిలిన దగ్గర నుంచి గూడు కట్టేదాకా సుమారు నెల. ఆ నెలంతా పొద్దునా సాయంత్రం ఆకు కోయాలి, మేత వేయాలి, పడకలు శుభ్రం చేయాలి. ఒక్క పూట ఏమారితే పంట మొత్తం పోతుంది. పట్టు రైతుల్లో తాగేవాళ్లు లేరని కాదు. గూళ్ల డబ్బు చేతిలో పడిన రోజే అసలు గండమని వాళ్లే చెబుతారు. కానీ పూటపూటకూ ఒక జీవి మేత కోసం ఎదురుచూడటం, ఆ పని ఇంకొకరి మీద నెట్టలేకపోవడం మనిషిని నిలబెడతాయి. మానిన మొదటి ఏడాది ఏ పని దొరికితే ఆ పని అనుకోకుండా, సాయంత్రం ఆరింటికి ఎక్కడో ఒకచోట కచ్చితంగా ఉండాల్సిన పని వెతుక్కోవాలి. పాల కేంద్రానికి పాలు పోయడం కూడా అలాంటిదే. దీనికి పూర్తి వ్యతిరేకం బెంగళూరు కట్టడాల పని: రేకుల షెడ్డు, శనివారం కూలి, ఇల్లు దూరం, పక్క పరుపు మీద సీసా. ఊళ్లో మానినవాడు అక్కడ జారడం, అక్కడ మానినవాడు పండగకు ఊరికొచ్చి జారడం రెండూ మామూలే.

జారినప్పుడు ఏమవుతుందన్నది మరో ముఖ్యమైన సంగతి. దీక్షలో ఒక్క గుక్క కూడా అపచారమే. మాల వేళ ఆ భయం కాపలా కాస్తుంది. మాల తీశాక అదే భయం ఎదురు తిరుగుతుంది: ఎలాగూ తప్పాను, ఇక తప్పకుండా ఉండేదేముంది అని. ఒక పెగ్గు అలాగే వారం తాగుడు అవుతుంది. మార్లట్ ఈ మలుపును ప్రత్యేకంగా పట్టుకుని, జారడానికీ పడిపోవడానికీ మధ్య గీత గీయమన్నాడు. జారిన రాత్రే ఎవరికో ఒకరికి చెప్పడం, మర్నాడు పొద్దున మళ్లీ మొదటి రోజు అనుకోవడం, ఇంతే. ఇది మన ఇళ్లకు కష్టం. భర్త జారితే ఇంట్లో వాళ్లకు అది మోసంలా కనిపిస్తుంది. ఎన్నో ఏళ్ల దెబ్బల తర్వాత ఆ కోపం ఉండకూడదని చెప్పే హక్కు నాకు లేదు. చెప్పుకోవడానికి ఇంటి బయట ఒక మనిషి ఉండటం అందుకే అవసరం.

మందుల విషయం క్లుప్తంగా. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాగుడును కొంత తగ్గిస్తాయి. డైసల్ఫిరామ్ వేసుకుని తాగితే గుండె దడ, వాంతులు, ఒక్కోసారి ప్రాణాపాయం. తెలియకుండా కూరలో కలిపి తాగుడు మాన్పిస్తామని గోడల మీద కనిపించే ప్రకటనలను నమ్మి ఇలాంటివి వాడటం చాలా ప్రమాదం. ఆ మాత్ర మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూపులో వేసుకోవాల్సింది. గొలుసులు వేసి కొట్టి మాన్పించే ప్రైవేటు కేంద్రాలు కూడా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద గొలుసులు వేయడం నేరం, మద్యం వల్ల వచ్చే మానసిక జబ్బులు ఆ చట్టం పరిధిలోనివే. లేపాక్షి వాళ్లకు పెద్ద దిక్కు బెంగళూరు నిమ్హాన్స్ వ్యసన చికిత్సా కేంద్రం. హిందూపురంలో రైలెక్కితే పూటలో చేరుకోవచ్చు. చేర్చుకుని ఒళ్లు బాగుచేసి పంపుతారు. తిరిగొచ్చి దిగేది మాత్రం హిందూపురం స్టేషన్‌లోనే, నడవాల్సింది అదే షాపు ముందు నుంచే.

అందుకే ఊరికే వైద్యాన్ని తీసుకుపోయినవాళ్ల పని చూడాలి. చెన్నైలో శాంతి రంగనాథన్ తన భర్త తాగుడుతో చనిపోయాక 1980లో టీటీ రంగనాథన్ ఫౌండేషన్ పెట్టారు. 1989 నుంచి ఆ సంస్థ తంజావూరు వైపు మంజక్కుడి అనే పల్లెలో శిబిరాలు నడిపింది. పదిహేను రోజులు ఊళ్లోనే ఉంచి వైద్యం, కుటుంబాలకు కూడా పాఠాలు, వసతి ఊరివాళ్లదే. శిబిరం అయ్యాక కూడా మనుషుల్ని వదిలేయకుండా అదే ఊళ్లో మళ్లీ మళ్లీ చూసేవాళ్లు. నలభై రెండో రోజుకు జవాబు వెతికిన ప్రయత్నాల్లో నాకు తెలిసి మనకు దగ్గరగా ఉన్నది ఇదే.

గోవాలో జరిగిన ఇంకో పని మన పీహెచ్‌సీలకు సరిగ్గా సరిపోతుంది. వైద్యులు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో హానికరంగా తాగుతున్న 377 మంది మగవాళ్ల మీద పరీక్ష పెట్టారు. సగం మందితో ఈ మనుషులు ఎక్కువలో ఎక్కువ నాలుగుసార్లు కూర్చుని మాట్లాడారు, మిగతా సగానికి మామూలు వైద్యమే. 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఫలితాల్లో, మూడు నెలలకు మాటలు విన్నవాళ్లలో 36 శాతం మంది ప్రమాద స్థాయి నుంచి బయటపడ్డారు, రెండో గుంపులో 26 శాతం. ఏడాది తర్వాత కూడా ఆ మేలు నిలిచింది. పూర్తిగా బానిసైనవాళ్లను ఆ పరీక్షలో తీసుకోలేదు, వాళ్లకు ఇది సరిపోదు. కానీ ఆ దశకు చేరకముందున్న పాతికేళ్ల కుర్రాళ్లే మన ఊళ్లలో ఎక్కువ.

ఆ మామూలు మనుషులు లేపాక్షి మండలంలో ఎవరు కాగలరంటే నాకు ముందుగా గుర్తొచ్చేది గురుస్వాములు, తర్వాత ఆశా కార్యకర్తలు, డ్వాక్రా సంఘాల లీడర్లు. గురుస్వామి మాట కాదనలేక నలభై ఒక్క రోజులు ఆగిన మనిషిని, నలభై రెండో రోజు సాయంత్రం ఆ గురుస్వామే భజనకు పిలిస్తే రాడా? మకరజ్యోతి తర్వాత కూడా వారానికోసారి, ఉగాది దాకా పీఠం దగ్గర కూర్చోవడానికి డబ్బు అక్కరలేదు. మాల వేసేటప్పుడే చేతుల వణుకు సంగతి అడిగి పీహెచ్‌సీకి పంపడం, తీసేటప్పుడు కనుమ రోజు ఎక్కడుంటావని అడగడం, రాత్రిపూట లాగుడు వస్తే ఫోన్ చేయడానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ల 14446, 14416 నంబర్లు గోడ మీద రాసి ఉంచడం, ఇవి పెద్ద పథకాలేమీ కావు. ఈ సీజన్‌లో ఒక్క పీఠం ఇలా నడిపి, మాల తీసినవాళ్లలో ఉగాదికి ఎంతమంది నిలిచారో ఒక నోటుపుస్తకంలో రాసినా, ఇన్నాళ్లూ ఎవరూ రాయని లెక్క ఒకటి మన చేతికి వస్తుంది.